పదకొండూ అయిదుకి దించిన ట్యాగ్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ రెండో వారంలో, నదిమట్టం కొలిచే పెట్టెలన్నిటిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఖమ్మం ఆఫీసులో సీనియర్ సిస్టమ్స్ ఇంజనీర్‌ని. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. గోదావరి ఒడ్డునా, దానిలో కలిసే వాగుల మీదా మేము పెట్టిన పెట్టెలు పావుగంటకోసారి నీటిమట్టం కొలిచి ఖమ్మానికి పంపుతాయి. ఆ అంకెలను వరద పనులు చూసే అధికారులకు అందించడం మా బాధ్యత. పెట్టె అంటే చూడటానికి గోడకు బిగించే కరెంటు మీటరంత ఉంటుంది. లోపల మాత్రం అదొక పూర్తి కంప్యూటరు. దానికీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, దాన్నీ ఎప్పటికప్పుడు మారుస్తుండాలి.

మేము వాడేది ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగిన సిస్టమ్. దాని సోర్స్ కోడ్, అంటే మనుషులు రాసిన అసలు పాఠం, అందరికీ తెరిచే ఉంటుంది. ప్రపంచంలో ఎవరెవరో రోజూ దాన్ని దిద్దుతుంటారు. కాబట్టి సోర్స్ తెచ్చుకోవడం కష్టం కాదు. ఏ రోజు సోర్స్ తెచ్చుకోవాలన్నదే కష్టం. దానికి పనికొచ్చేవే వెర్షన్ ట్యాగులు. కోడ్‌లో ప్రతి మార్పుకూ నలభై అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. అది ఎవరికీ గుర్తుండదు. అందుకని ఒకానొక స్థితి పక్కాగా ఉందని తేలాక దాని మీద ఒక పేరు చీటీ అంటిస్తారు. ఆ చీటీయే ట్యాగ్.

ఇందులో కొత్తవాళ్లు పడే గుంటలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే కొత్త కోడ్ ఉండే కొస ఒకటి ఉంటుంది. అక్కడ రోజూ పని జరుగుతుంటుంది, పొద్దున బాగున్నది సాయంత్రానికి చెడుతుంది. దానికంటే నెమ్మదైన కొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని స్థిరమైనదంటారు గానీ అది కూడా కదులుతూనే ఉంటుంది. విడుదలకు ముందు పరీక్ష కోసం పెట్టే ట్యాగులు కొన్ని, అసలు విడుదల ట్యాగ్ ఒకటి, ఆ తర్వాత భద్రతా లోపాలు మాత్రమే సరిదిద్దిన ట్యాగులు మరికొన్ని. ఈ చివరివాటిలో సరైనదాన్ని పట్టుకుని, దాని మీద మా పెట్టెలకు కావలసిన దిద్దుబాట్లు వేసి, పరీక్ష బల్ల మీద నడిపించి, మా సొంత ట్యాగ్ పెట్టాలి. మా ట్యాగులన్నీ ఊరి పేరుతో మొదలవుతాయి. ఆ ఏడాదిది ఖమ్మం-12-3.

నా ఉద్యోగం తొలి రోజుల్లో వాడిన పాత పనిముట్టు ఒకటుండేది. లేని ట్యాగ్‌ను అడిగితే, ఆ ట్యాగ్‌లో ఏ ఫైలూ లేదు కాబట్టి మన దగ్గరా ఏదీ ఉండకూడదని అది తీర్మానించుకునేది. మారుమాట లేకుండా మన దగ్గరున్న సోర్స్ మొత్తం తుడిచేసేది. ఒకసారి అలా రెండు రోజుల పని నా కళ్ల ముందే ఖాళీ అయింది. ఆ రోజు నుంచి ట్యాగులంటే నాకు భక్తీ భయమూ రెండూ పట్టుకున్నాయి. తర్వాత నేను శిక్షణ ఇచ్చిన ప్రతి బ్యాచ్‌కూ మొదటి గంటలోనే చెప్పేవాణ్ణి: కొమ్మ కదులుతుంది, ట్యాగ్ కదలదు, ట్యాగ్ పడిందంటే శిలాశాసనమే, కొమ్మల జోలికి పోకండి, ట్యాగ్‌నే నమ్మండి అని. ఈ మాట ఎంత గట్టిగా చెప్పానో పాఠకులు గుర్తుంచుకోవాలి.

పెట్టెల్లో చాలావాటికి ఖమ్మం ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి పంపేవాళ్లం. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున గోదావరి ఒడ్డునున్న పెట్టె మాత్రం పాతరకం బోర్డుది. దానికి విడిగా తయారుచేయాలి. ఆ పని అక్కడి ఫీల్డ్ టెక్నీషియన్ సలోమి చేసేది. ఆమెది పాల్వంచ. తండ్రి థర్మల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం చేసి పోయాడు, తల్లి ఇంకా కాలనీ దగ్గరే ఉండేది. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తుందనీ, భర్త దుమ్ముగూడెంలో మోటారు మెకానిక్ అనీ ఆమె ఫైలు కంటే ముందే మా డ్రైవర్ నాకు చెప్పాడు. వాళ్లు దుమ్ముగూడెంలోనే కిరాయికి ఉండేవారు. అక్కడి నెట్‌వర్క్ ఫోన్ మాటలకు సరిపోయేది, సోర్స్ కోడ్ మొత్తం దించడానికి చాలదు. అందుకని వారానికోసారి తల్లి దగ్గరికి వచ్చినప్పుడు పాల్వంచ బస్టాండ్‌లో కూర్చుని, సిగ్నల్ ఉండగానే కావలసినవన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని భద్రాచలం బస్సెక్కేది.

జూన్ మూడో వారంలో ఒక శుక్రవారం ట్యాగ్ పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకు అందరికీ సర్క్యులర్ వెళ్లింది: ఖమ్మం-12-3 సిద్ధం, ఇదే వాడవలెను అని. మంగళవారానికల్లా అన్ని పెట్టెలూ కొత్త వెర్షన్‌లో ఉన్నాయి. నేను పై అధికారికి పని పూర్తయిందని రాసి, గాలి పీల్చుకున్నాను.

జూలైలో నీళ్లు పెరిగాయి. దుమ్ముగూడెం అవతలి పెట్టె నుంచి వచ్చే అంకెల్లో సందులు పడటం మొదలైంది. గంటసేపు సరిగా వచ్చేవి, అరగంట మాయమయ్యేవి, మళ్లీ వచ్చేవి. నది ఎక్కుతున్న రోజున ఇది చిన్న సంగతి కాదు. కింద భద్రాచలంలో అధికారులు ఎగువ అంకెలు చూసే ఊళ్లు ఖాళీ చేయించాలా వద్దా అని నిర్ణయిస్తారు. ఆ రోజు మమ్మల్ని కాపాడింది గేజ్ రీడర్ ముత్తయ్య. ఒడ్డున మీటర్ల గీతలు వేసిన స్తంభాలుంటాయి, వాటిని కంటితో చూసి గంటగంటకూ ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. కొత్త పెట్టెలు వచ్చాక ఆయన పోస్టు ఎందుకని మా వాళ్లు అంటుండేవారు. ఆ వారం నుంచి ఎవరూ అనలేదు.

పెట్టె తనంతట తాను మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోందని రికార్డులో తెలిసింది. సిస్టమ్ బిగుసుకుపోయి మాట్లాడకుండా ఉంటే, దాన్ని ఆర్పి మళ్లీ లేపే కాపలా టైమర్ ఒకటి లోపల ఉంటుంది. ఆ టైమర్ గడువు మరీ తక్కువగా ఉంటే, వరద రోజుల్లోలా పని ఎక్కువైనప్పుడు, పనిలో ఉన్న సిస్టమ్‌ను కూడా నిద్రపోయిందనుకుని కొట్టి లేపుతుంది. ఆ లోపం నాకు బాగా తెలుసు. ఎందుకంటే దాన్ని జూన్‌లో సరిదిద్దింది నేనే. ఖమ్మం-12-3లో ఆ దిద్దుబాటు ఉంది. రిపాజిటరీ, అంటే మా కోడ్ అంతా దాచిన సర్వరు, తెరిచి చూశాను. ఉంది. ఆ పెట్టె తెర మీద ఏ వెర్షన్ చూపిస్తోందని ముత్తయ్యను అడిగితే ఒక్కొక్క అక్షరం చదివి చెప్పాడు: ఖమ్మం-12-3. పేరు సరైనదే, కోడ్ మాత్రం ఆ పేరుది కాదు. అంటే ఎవరో వేరే కోడ్ మీద నా చీటీ అంటించారు. ఆ పెట్టెలో సాఫ్ట్‌వేర్ ఎక్కించేది సలోమి ఒక్కతే.

నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని. కారేపల్లి దగ్గర మా నాన్న పొలం అమ్మినప్పుడు, కొన్నవాడు కొలతకు తెచ్చిన గొలుసునే నేను కొలిచి చూశాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ కథ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. ఉద్యోగంలో ఈ గుణం నాకు మంచి పేరే తెచ్చింది. సాఫ్ట్‌వేర్ విడుదల చేసేవాడు ఎవరి మాటా నమ్మకూడదు, రుజువు చూడాలి అనేవాణ్ణి. నేనూ ఆ ఎవరిలో ఒకణ్ణే అన్న ఆలోచన మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కసారీ రాలేదు.

పై అధికారి, అంటే మా డైరెక్టరు, విచారణ నాకే అప్పగించారు. ఆ నెలాఖరున సలోమి కాంట్రాక్టు పొడిగించాలి. అయిదేళ్ల సర్వీసు నిండితే పర్మినెంట్ చేసే జాబితాలోకి పేరెక్కుతుంది, ఆమెకు అయిదో ఏడు నడుస్తోంది. పొడిగింపు ఆగితే చేసిన సర్వీసంతా పోయినట్టే. తప్పు ఆమెదని నేను రాస్తే కాంట్రాక్టు అక్కడితో ముగుస్తుంది. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

లాగ్‌బుక్ నకలు తెప్పించాను. పని చేసిన ప్రతి అడుగూ టైముతో సహా అందులో రాయాలి. శుక్రవారం పేజీలో ఆమె గుండ్రటి చేతిరాత: ఉదయం 11.05, పాల్వంచ బస్టాండ్, ఖమ్మం-12-3 దించుకున్నాను. నేను రిపాజిటరీలో ట్యాగ్ పెట్టిన టైము చూశాను. అదే శుక్రవారం మధ్యాహ్నం 12.10. పన్నెండూ పదికి పుట్టిన ట్యాగ్‌ను పదకొండూ అయిదుకి ఎవరైనా ఎలా దించుకుంటారు? సర్క్యులర్ అయితే అంతకంటే ఆలస్యంగా వెళ్లింది. దొంగ దొరికాడని చెప్పలేనంత తృప్తి కలిగింది నాకు. ఆ తృప్తి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కథ మొత్తం నేనే అల్లేసుకున్నాను. కదిలే కొమ్మ మీది కోడ్‌ను ఎప్పుడో ముందే దించుకుని ఉంటుంది. సర్క్యులర్ వచ్చాక మళ్లీ పాల్వంచ రావడానికి బద్ధకించి, ఉన్నదాని మీదే కొత్త పేరు పెట్టి పెట్టెలో ఎక్కించి ఉంటుంది. లాగ్‌బుక్ తర్వాత ఇంట్లో కూర్చుని నింపి, టైము పొరపాటు రాసి ఉంటుంది. మెమో పంపాను. పదకొండూ అయిదు అన్న ఎంట్రీకి సంజాయిషీ ఇవ్వవలెను, ల్యాప్‌టాప్‌ను వెంటనే ఖమ్మం ఆఫీసులో అప్పగించవలెను అని.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. నేను చేసిందే రాశాను, రాసిందే చేశాను. ల్యాప్‌టాప్ ఫీల్డ్ పనిలో ఉన్నందున ఇప్పుడు పంపలేను. ఆ రెండో వాక్యంతో నా అనుమానం నిర్ధారణ అయిపోయింది. దాచడానికి ఏమీ లేని మనిషి ల్యాప్‌టాప్ ఇవ్వడానికి ఎందుకు వెనకాడుతుంది? కాంట్రాక్టు పొడిగించరాదని సిఫారసు చేస్తూ నివేదిక చిత్తుప్రతి టైపు చేసుకున్నాను. తప్పుడు ఎంట్రీ అన్న మాట మొదటి పేరాలోనే ఉంది. సైటు తనిఖీ చేశామని చూపించాలి కాబట్టి, నివేదికతో సహా జీపులో బయల్దేరాను.

పాల్వంచ బస్టాండ్ ముందు జీపు ఆపించి, నిజంగా అక్కడ సిగ్నల్ వస్తుందా అని నా ఫోన్లో చూసుకున్నాను. నిండుగా వచ్చింది. ఆమె అక్కడ కూర్చున్నట్టు అది రుజువు చేయదని నాకు నేనే చెప్పుకున్నాను. భద్రాచలం వంతెన దాటి దుమ్ముగూడెం చేరేసరికి ఫోన్లో ఒక గీత మిగిలింది, ఊరు దాటాక అదీ వస్తూ పోతూ ఉంది. సలోమి గేజ్ గది దగ్గర నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. రెయిన్‌కోటు, భుజాన ల్యాప్‌టాప్ సంచి. నమస్తే సార్ అంది. నది ఎర్రగా, ఒడ్డు కోసుకుంటూ పోతోంది.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. పెట్టె మూతకు వేసే సీసపు సీలు నంబరు లాగ్‌బుక్‌తో సరిపోయింది. సీలు వేసే పట్టకారు ఆమె దగ్గరే ఉంటుంది కదా అనుకుని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ముత్తయ్యను పక్కకు పిలిచి, జూన్‌లో కొత్త వెర్షన్ వేసిన రోజున ఆమె వచ్చిందా అని అడిగాను. ముత్తయ్య ఆ ఒడ్డు పల్లెవాడే. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడతాడు, మాతో తెలుగు.

"అవ్ సార్, వచ్చింది. పొద్దుగాల వచ్చి పొద్దూకినాక పోయింది," అన్నాడు. "నా దగ్గర్నే అంబలి తాగింది. ఏంది సార్, గామె మీద ఏమన్న చాడీ చెప్పిండ్రా ఎవలన్న?"

అంబలి పోసినవాడు సాక్ష్యం కూడా ఆమె వైపే చెబుతాడులే అనుకున్నాను. ఆ పూట నా కంటికి నదితో సహా అందరూ ఆమె పక్షమే.

గేజ్ గదిలో ఒక చెక్క బల్ల, రెండు స్టూళ్లు. కూర్చోగానే అసలు సంగతి అడిగాను. ట్యాగ్ పడింది పన్నెండూ పదికి. పదకొండూ అయిదుకి ఎలా దించావని. ఆమె ముఖంలో తడబాటు కోసం వెతికాను. ఆమె సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. నేను చెయ్యి చాచాను.

"మీ చేతికియ్య సార్," అంది. "మీరు చూడుండ్రి, నేను నొక్కుత."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక కాంట్రాక్టు ఉద్యోగి నాతో అలా అనడం అదే మొదటిసారి. ఏదైనా తుడిచేస్తుందేమోనని ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక ఆదేశం కొట్టింది. ట్యాగ్‌ను ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఏ నంబరు మీద పెట్టారు అన్నవి చూపించే ఆదేశం అది. తెర నా వైపు తిప్పింది.

ట్యాగ్ ఖమ్మం-12-3. పెట్టినవారు: నా పేరు. టైము: శుక్రవారం ఉదయం 10.40.

కింద నా సంతకం కూడా ఉంది. మా విడుదల ట్యాగుల మీద వేసే ఆ డిజిటల్ సంతకాన్ని నా కంప్యూటరు తప్ప ఇంకేదీ వేయలేదు. ఆమె ఇంకో ఆదేశంతో సంతకం అసలుదేనని సరిచూసి చూపించింది. నేను అడక్కముందే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ శుక్రవారం ఉదయం పదీ నలభైకి ట్యాగ్ పెట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చాక పరీక్ష బల్ల మీద పెట్టె ఒకటి ఊరికే రీస్టార్ట్ అవుతోంది. కాపలా టైమర్ గడువు తక్కువ పడిందని కనిపెట్టి, ఒక్క వరుస దిద్దాను. ఇప్పుడీ దిద్దుబాటుకు కొత్త ట్యాగ్, అంటే ఖమ్మం-12-4, పెట్టాలి. అదీ పద్ధతి. కానీ ఇంకా సర్క్యులర్ వెళ్లలేదు, గంటన్నరే అయింది, ఎవరు తీసుకుని ఉంటారులే అనుకున్నాను. పాత ట్యాగ్‌ను పీకి, అదే పేరుతో కొత్త కోడ్ మీద అంటించాను. పన్నెండూ పదికి. ఒకే ఒక్క ఆదేశం. కళ్లజోడు తుడుచుకున్నంత తేలిక. సర్వరు పాత చీటీ జాడ కూడా ఉంచదు. నా జ్ఞాపకం కూడా దాన్ని శుభ్రంగా తుడిచేసింది. ముందు దిద్దుబాటు, తర్వాత ట్యాగ్ అనే వరుసలోనే నాకు గుర్తుండిపోయింది.

ట్యాగ్ కదలదని ఊరంతా చాటిన మనిషే దాన్ని కదిపాడు. ఆ మాట నమ్మిన మనిషి దొంగ అయింది.

మిగతాది ఆమె చెప్పింది. ప్రతి వారం పాల్వంచలో రిపాజిటరీ ఒకసారి చూసుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు కొత్త ట్యాగ్ కనిపించింది, దించుకుంది. పేరు అదేనని సర్క్యులర్ వచ్చాకే తయారీ మొదలుపెట్టింది. నియమం ప్రకారం సోమవారం పొద్దున, దుమ్ముగూడెంలో ఉన్న కొద్ది సిగ్నల్‌తోనే, మరోసారి సరిచూసింది కూడా. ఇక్కడ మా పనిముట్టు తీరు ఒకటి చెప్పాలి. మన దగ్గర ఒక పేరుతో ట్యాగ్ ఉంటే, సర్వరులో అదే పేరు వేరేచోటికి మారినా, మామూలుగా అడిగితే అది పాతదాన్ని ముట్టుకోదు, ఆ సంగతి పైకి అనదు. ట్యాగులు కదలవన్న నమ్మకం మీదే దాన్ని అలా తయారుచేశారు. కొమ్మ మాత్రం ఒక అడుగు ముందుకు జరిగినట్టు ఆమెకు కనిపించింది. కొమ్మల జోలికి పోవద్దని నేర్పింది నేనే కాబట్టి ఆమె పోలేదు.

పెట్టె తెర మీద ఆ నలభై అక్షరాల నంబరులో కొంతైనా కనిపించి ఉంటే తేడా మొదటి రోజే దొరికేది. తెర చిన్నది, పేరు చాలు, నంబరు తీసెయ్యండి అని రెండేళ్ల కిందట ఫైలు మీద రాసింది ఎవరో వేరే చెప్పాలా?

"ఈ తేడా నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మెమో వచ్చినంక పాల్వంచ పోయి, ఇంకో కాపీ కొత్తగ దించిన సార్. రెండు పక్కపక్కన పెట్టి చూస్తే పేరు ఒక్కటే, నంబర్లు ఏర్వేరు."

మరి జవాబులో ఆ సంగతి ఎందుకు రాయలేదని అడిగాను. బయట ముత్తయ్య స్తంభం గీత చూసి ఫోన్లో గట్టిగా మట్టం చెబుతున్న గొంతు వినిపిస్తోంది.

"రాస్తే ఆ కాయితం మీ దగ్గరికే వస్తది గద సార్," అంది. "విచారణ చేసేది మీరే, ట్యాగ్ జరిపింది మీరే. ల్యాప్‌టాప్ గూడ మీ దగ్గరికే తెమ్మన్నరు. ఇస్తే ఫార్మాట్ కొడ్తరేమో అని భయమైంది. ఇది పోతే నా దగ్గర ఇంకేమున్నది?"

"నేను అలాంటివాణ్ణని అనుకున్నావా అమ్మా?" అన్నాను. నిజంగానే నొచ్చుకున్నాను, చూడండి. ఆమె ఉద్యోగం తీసేసే కాగితం నా సంచిలో ఉండగా.

"గది నాకెట్ల తెలుస్తది సార్? మీకు నా మీద నమ్మకం లేకపాయె. నాకు మీ మీద ఎట్లుంటది?"

సరైన కోడ్‌తో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆమె అప్పటికే సిద్ధంగా ఉంచింది. మెమో నడుస్తుండగా పెట్టె ముట్టుకుంటే సాక్ష్యం మార్చిందంటారని ఎక్కించలేదట. నేను పక్కనే కూర్చుని సంతకం పెడతానంటే ఎక్కించింది. ఆ సాయంత్రానికి సందులు ఆగిపోయాయి.

తిరుగు దారిలో జీపులో కూర్చుని చాలాసేపు ఒకటే ఆలోచించాను. ఆమె మొదటే ల్యాప్‌టాప్ ఖమ్మానికి పంపి ఉంటే నేనేం చేసేవాణ్ణి? వచ్చిన ప్రతి యంత్రాన్నీ శుభ్రం చేసి కొత్త సాఫ్ట్‌వేర్ వేయడం మా ఆఫీసు రివాజు. పదీ నలభై ట్యాగ్ ఎవరూ కావాలని చెరపకుండానే చెరిగిపోయేది. నేను నిజాయితీగానే ఆమె మీద నివేదిక ఇచ్చి, నిజాయితీగానే నిద్రపోయేవాణ్ణి. ఆమె భయం ఆమెను కాపాడింది. అది నాకు ఈనాటికీ మింగుడుపడని సంగతి.

చిత్తుప్రతి చింపేసి కొత్త నివేదిక రాశాను. డైరెక్టరు చదివి, రెండేళ్లలో దిగిపోతున్నారు, సాంకేతిక లోపం అని రాస్తే సరిపోయేది కదండీ అన్నారు. సరిపోదన్నాను. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. రెండు కాపీలూ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి, ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. ట్యాగ్ కదిపిన టైము, కదిపినవాడి పేరు, పద్ధతి ప్రకారం 12-4 అని ఉండవలసిందన్న సంగతి, ఎంట్రీ అక్షరాలా నిజమన్న సంగతి రాసి సంతకం పెట్టాను. నా సర్వీసు రిజిస్టరులో అసంతృప్తి అన్న మాట చేరింది. సలోమి కాంట్రాక్టు పొడిగించారు. మరుసటి ఏడు ఆమె పేరు జాబితాలోకి ఎక్కింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. పెట్టిన ట్యాగ్‌ను ఎవరూ, నాతో సహా, కదపకుండా సర్వరులోనే తాళం వేశాం. సర్క్యులర్‌లో పేరు పక్కన నంబరు కూడా వెళ్లాలన్నాం. పెట్టె తెర మీద పేరు తగ్గించి నంబరు తెచ్చాం.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం కొత్త ట్యాగ్ పడిన ప్రతిసారీ పాల్వంచ బస్టాండ్ నుంచి సలోమి ఫోన్ వచ్చేది. సర్క్యులర్ చేతిలో ఉన్నా సరే, నా నోటితో నంబరు చదవమనేది. నేను చదువుతుంటే, తన తెర మీద కనిపించే అక్షరాలతో ఒక్కొక్కటి సరిచూసుకునేది. వెనక బస్సుల హారన్లు. రిటైరయ్యే నెలలో పెట్టిన చివరి ట్యాగ్‌కు కూడా అలాగే ఫోన్ చేసింది. సర్వరుకు తాళం వేసి రెండేళ్లవుతోంది, ఇంకా నమ్మకం కుదరలేదా అమ్మా అని అడిగాను.

"ఉన్నది సార్, నమ్మకం," అంది. "నంబర్ చదువుండ్రి."

చదివాను. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఆమె సరే అనేదాకా. అనుమానించడం మా వృత్తిలో తప్పు కాదు. దాన్ని ఎదుటివాళ్ల దగ్గర మొదలుపెట్టడమే నేను చేసిన తప్పు. ఎంట్రీకీ ట్యాగ్‌కీ టైము కలవనప్పుడు, రెండింటిలో నేను పెట్టినదాన్ని ముందు తనిఖీ చేయాల్సింది.